ఎవరి కంటికో

ఆ ఉదయం ఆకాశం వాన ఇచ్చేటట్టే కనిపించింది. పలమనేరు వైపు కొండల మీద మబ్బు కూర్చుని ఎండను రానివ్వలేదు. చిత్తిర నెలలో మాకు ఇది మామూలే. తెల్లారేసరికి మబ్బు వస్తుంది, టిఫిన్ తినేసరికి విడిపోతుంది, తర్వాత పొద్దంతా ఎండ తన పని తాను చేసుకుపోతుంది. మబ్బు పట్టిన పొద్దు ఫోటోలకు మంచిది. వెలుతురు మెత్తగా పడుతుంది, ముఖాల మీద నీడలుండవు. గుడియాత్తంలో పెళ్ళి మండపానికి బండి మీద పోతూ, ఈరోజు పని సులువు అనుకున్నాను.

ముహూర్తం వేళకు కెమెరాను కంటికి ఆనించుకుంటే లోపల చుక్క తెలియలేదు.

చుక్క అంటే ఏమిటో చెప్పాలి. కెమెరా వెనక మనం కన్ను పెట్టి చూసే చిన్న కిటికీని వ్యూఫైండర్ అంటారు. అందులో చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. మీట సగం నొక్కితే ఒక గడి ఎర్రగా వెలుగుతుంది. అది దేని మీద వెలిగితే ఫోటోలో అది తేటగా వస్తుంది. మేము దాన్ని చుక్క అంటాము. పెళ్ళికూతురి కంటి మీద చుక్క పడితే ఆమె ముఖానికి ప్రాణం వస్తుంది. చెవి మీద పడితే చెవికే వస్తుంది. ఆరోజు ఎర్రగా ఏదో వెలిగింది గాని, తడి కాగితం మీద సిరాలాగా పాకిపోయింది. కింద వెలిగే అంకెలు కూడా అలికినట్టు ఉన్నాయి. కన్ను నులుముకున్నాను. అద్దాన్ని పంచె అంచుతో తుడిచాను. ఇంతలో గట్టిమేళం మొదలైంది. ఇక చేతి అలవాటు మీద నొక్కుతూ పోయాను. వెనక తెర మీద చూసుకుందామంటే నాకు చత్వారం. దగ్గరివి అద్దాలు లేకుండా తెలియవు. తాళి కట్టే వేళ అద్దాలు పెట్టుకునీ తీసీ చేసే సందు ఎక్కడుంటుంది?

ఆ వారంలోనే అణ్ణామలై స్టూడియోకు రమ్మన్నాడు. అతను పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. నా ఫోటోలను ఆల్బంగా కూర్చేది కూడా అతనే. కంప్యూటర్‌లో ఒక ఫోటోను పెద్దది చేసి పెట్టాడు.

"వేణు అణ్ణా, మాప్పిళ్ళ భుజం చూడు, ఎంత బాగుండాదో. చొక్కా నూలుపోగులు కూడా తెలుస్తా ఉండాయి. ఈసారి ఆల్బం భుజాలకు ఏద్దామా, మొగాలకు ఏద్దామా?"

పెళ్ళికొడుకు ముఖం మాత్రం మసకగా ఉంది. అతను నవ్వు ఆపి నా ముఖం చూశాడు. తర్వాత తెర ఆర్పేసి, టీ తెప్పిస్తానన్నాడు.

మా ఇల్లు గుడియాత్తానికి పడమట, కొండల దారిలో ఉంది. ఇంట్లో మా అమ్మ కృష్ణమ్మ, నా భార్య పంకజం, నేను. కూతురు నాట్రంపల్లిలో కాపురం చేస్తూ ఉంది. చెనక్కాయ పంట ఇల్లు చేరితే మిగిలిన కాలమంతా నాకు పెళ్ళిళ్ళే సేద్యం. అందుకే మా అమ్మ కెమెరాను మడకతో, అంటే నాగలితో, సమానంగా చూస్తుంది. మడకకు పసుపు పూసి బొట్టు పెట్టేది ఆడవాళ్ళు, పట్టేది మగవాళ్ళు. ఆడది మడక పడితే ఇంటికి మంచిది కాదని మా పక్క మాట. కాబట్టి పంకజం మెత్తటి గుడ్డతో కెమెరాను తుడిచి, ఆయుధపూజకు గంధం పెట్టి, పెట్టెలో భద్రం చేస్తుంది. అంతవరకే.

మా నాయనకు కంట్లో పువ్వు పూసింది. నల్లగుడ్డు మీద తెల్లగా పూసి, చివరి ఏండ్లలో ఆయనకు పొలం తెలియలేదు. గట్టు మీద కూర్చుని, ఎద్దు మెడలో గంట ఎంత దూరం పోయి తిరిగిందో విని సాలు పొడవు చెప్పేవాడు. ఇప్పుడు నా వంతు వచ్చిందని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా అమ్మకు తెలిసింది. నేను గుమ్మంలో నిలబడి కుడికన్ను మూసి, ఎడమకన్ను మూసి కొబ్బరిచెట్లను చూస్తుండగా పట్టుకుంది. మీ నాయన కన్నే నీకూ వచ్చిందని నిట్టూర్చి, ఆ మధ్యాహ్నం నుంచే వైద్యం మొదలుపెట్టింది. అన్నం తిన్నాక చాప మీద పడుకోబెట్టి, మూసిన కండ్ల మీద నందివర్ధనం పూలు పరిచేది. పువ్వుకు పువ్వే మందంట. చల్లగా ఉండేది. కండ్లు మూసుకుని ఇంట్లో చప్పుళ్ళు వింటూ పడుకునేవాణ్ణి. అమ్మ వక్క కొరికేది. గొడ్లపాకలో ఆవు తోక విసిరేది. పంకజం మెట్టెల చప్పుడు మిద్దె మెట్లెక్కి పైకి పోయి చాలాసేపు తిరిగి వచ్చేది కాదు. ఎండబెట్టిన వడియాలు కాపలా కాస్తున్నదనుకునేవాణ్ణి.

ఆ నెలలో పెళ్ళిళ్ళు చాలా ఉన్నాయి. ప్రతి ముహూర్తానికీ చుక్క అట్లాగే పాకిపోయింది. కొన్ని ఫోటోలు అదృష్టం కొద్దీ వచ్చాయి, కొన్ని భుజాలకు పోయాయి. నా చుక్క తప్పితే వాళ్ళ తాళిబొట్టు ఫోటో తప్పినట్టే. మళ్ళీ కట్టమని అడగలేం కదా. వైకాసి నెలలో, అమ్మవారి తలను ఊరేగించి విగ్రహానికి తొడిగే గంగమ్మ సిరసు పండుగ అయినాక మా మేనమామ మనవరాలు హేమప్రియ పెళ్ళి ఉంది. దానికి మాట ఇచ్చేశాను. అది అయిపోతే చాలించాలని తీర్మానించుకున్నాను.

పంకజం వంటింట్లో చింతపండు పిసుకుతూ ఉన్నప్పుడు చెప్పాను.

"కెమెరా అణ్ణామలైకి ఇచ్చేస్తా. హేమప్రియ పెండ్లి అయిపోనీ."

ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"అంతదాకన్నా ఉంటాది గదా?" అంది.

"ఉంటాదిలే" అన్నాను.

నా చూపు గురించి అడుగుతున్నదని అనుకున్నాను.

అణ్ణామలైకి చెబితే అతను ఒప్పుకోలేదు. ముందు వేలూరు పోయి కన్ను చూపించుకో, ఆ తర్వాత ఇచ్చేదీ పుచ్చుకునేదీ మాట్లాడదాం అన్నాడు. కెమెరాను కూడా తీసుకుపొమ్మన్నాడు. పాత బస్టాండు దగ్గర మిద్దె మీద పొన్నుస్వామి అని ఒక పెద్దాయన కెమెరాలు బాగు చేస్తాడు, ఎందుకైనా మంచిది, చూపించమన్నాడు.

వేలూరు కంటాసుపత్రిలో వరుస పెద్దది. నా వంతు వచ్చాక ఒక అమ్మాయి ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, గాజులు మార్చి మార్చి ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగింది. గోడ మీద అక్షరాలు అడుగు వరసదాకా చదివాను. కంట్లో మందు పోసి, చీకటి గదిలో వెలుగు వేసి చూశారు. డాక్టరు నా చీటీ చూసి అరవంలో నవ్వుతూ చెప్పాడు. పువ్వూ లేదు, కాయా లేదు, నీ వయసుకు నీ కన్ను బాగానే ఉంది, దగ్గరివాటికి అద్దాలు పెట్టుకో చాలన్నాడు.

సంతోషం కలగాలి. కలిగింది కూడా. కాని మెట్లు దిగుతూ ఉంటే, అయితే చుక్క ఏమైంది అనే మాట వెంట వచ్చింది.

కంటి మందు ప్రభావం దిగేదాకా చెట్టు నీడలో కూర్చుని, తర్వాత పొన్నుస్వామి అంగడికి పోయాను. ఆయన కెమెరాను పట్టుకుని కిటికీ వైపు తిరిగి లోపలికి చూశాడు. చూసి, తల వెనక్కి తీసి, వ్యూఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగును ఊడదీశాడు. దాని పక్కన గోరంత చక్రం ఉంది. ఇన్నేండ్లలో నేను దాన్ని పట్టించుకున్నవాణ్ణి కాదు.

"చూస్తా ఉండు" అని ఆ చక్రాన్ని మెల్లగా తిప్పాడు.

చుక్క దగ్గరికి చేరింది. అంచులు కుదిరాయి. సూదితో పొడిచినట్టు ఎర్రగా నిలబడింది. కింద అంకెలు కూడా తేటపడ్డాయి.

"కన్నూ బాగుండాది, కెమెరా కూడా బాగుండాది. రెండిటికీ పొత్తు కుదర్లేదు, అంతే" అన్నాడు పొన్నుస్వామి. "ఈ చక్రం చూసేవాళ్ళ కంటికి తగినట్టు తిప్పుకునేది. దీన్ని ఎవురో కడాకు తిప్పినారు. కెమెరా ఎవురి చేతికిస్తావు నాయనా?"

"ఎవురికీ ఇయ్యను."

"ఎవురో చూస్తా ఉండారే. దూరం తెలియని కన్ను అది. ఇంత తిప్పితే గాని ఆ కంటికి చుక్క కుదరదు. మీ ఇంట్లో అద్దాలు పెట్టుకునేవాళ్ళు ఉండారా?"

"లేరు."

"అట్లయితే పెట్టుకోవాల్సినోళ్ళు ఉండారు" అని రబ్బరు తొడుగు మళ్ళీ తగిలించి ఇచ్చాడు.

గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కెమెరా ఒళ్ళో ఉంది. బస్సు పాలారు వంతెన దాటుతూ ఉంటే ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి.

పంకజం పలమనేరుకు అవతలి ఊరి మనిషి. చదివింది తెలుగు బడిలో. మా పక్క బస్సుల మీద రాతంతా అరవమే. పెళ్ళై వచ్చినప్పటి నుంచి బస్టాండులో పక్కవాళ్ళను అడుగుతుంది, అదేం బస్సమ్మా అని. అరవం రానిది కదా అని మేమందరం చెప్పేవాళ్ళం. మా అమ్మ అయితే, చదువుకున్న కోడలని తెస్తే బోర్డు చదవను రాదే అని నవ్వేది. దారిలో ఎదురుపడినవాళ్ళను దగ్గరికి వచ్చేదాకా పలకరించదు. ఊళ్ళో దాన్ని పలమనేరు పొగరు అన్నారు. సిరసు పండుగకు మాతోనే నిలబడి అమ్మవారిని చూసి, ఇంటికి వచ్చాక అమ్మోరికి ఏ రంగు చీర కట్టినారని అడిగింది ఒక ఏడు. భక్తితో కండ్లు మూసుకుని ఉంటుందని అనుకున్నాను.

చదవను రాకపోవడం అనుకున్నామే గాని, కనపడకపోవడం అని ఎవరికీ తోచలేదు. ఆమెకు కూడా తోచినట్టు లేదు.

బస్సు దిగే ముందు రబ్బరు తొడుగు తీసి, చక్రాన్ని మళ్ళీ కడాకు తిప్పేశాను. ఇంటికి పోయి, కంట్లో పువ్వు లేదంట అని మాత్రం చెప్పి, కెమెరాను పెట్టెలో పెట్టాను. పువ్వు లేకపోయినా పూలు పెట్టేది ఆపకూడదని అమ్మ పట్టుబట్టింది. నేను కాదనలేదు.

మరుసటి మధ్యాహ్నం చాప మీద పడుకున్నాను. పెట్టె మూత మెల్లగా కిర్రుమని లేచింది. మెట్టెల చప్పుడు మెట్లెక్కింది. కొంచెం ఆగి, పూలు తీసి పక్కన పెట్టి, నేనూ పైకి పోయాను.

పంకజం పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. కొంగు నెత్తి మీద కప్పుకుని, కెమెరాను కొండల వైపు పట్టుకుని చూస్తూ ఉంది. మీట మీద వేలు లేదు. ఉత్త చూపే. నా నీడ పడేసరికి కెమెరాను దించి కొంగులోకి తీసుకుంది.

"తుడుస్తా ఉండా" అంది.

నేను పిట్టగోడ మీద కూర్చున్నాను. ఎండకు గోడ కాలుతూ ఉంది. వడియాల కోసం కాకి ఒకటి వచ్చి, మమ్మల్ని చూసి పోయింది.

"ఏం కనిపిస్తాది?" అని అడిగాను.

కొంగులోంచి కెమెరాను మళ్ళీ బయటికి తీసింది.

"కొండ" అంది. "కొండ మీద చెట్లు. ఒగొగటీ యేరేగా ఉండాయి."

"చెట్లు యేరేగానే ఉంటాయి మే."

"నాకు తెల్దు" అంది.

ఒకరోజు తుడుస్తూ ఉంటే వేలు తగిలి చక్రం తిరిగిందట. ఏమైందోనని భయపడి కన్ను పెట్టి చూసిందట. గొడ్లపాక కప్పు మీద కూర్చున్న పిట్టకు గొంతు కింద పసుపు కనిపించిందట. అంతవరకు పిట్టలకు దూరం నుంచి రంగులుంటాయని తెలియదంట. దాని వల్లే నా చుక్క చెదిరిందని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. కొండ వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగి అడిగింది.

"మీకందరికీ అట్లనే కనిపిస్తాదా? ఉత్త కండ్లకే?"

"కనిపిస్తాది."

మళ్ళీ కెమెరాను కంటికి ఎత్తింది.

కింద వాకిట్లో మా అమ్మ తల ఎత్తి చూస్తూ ఉంది. కోడలి చేతిలో కెమెరాను చూసింది.

"ఏమే పంకజా, మగోని పనిముట్టు నీ చేతిలో ఏంది? ఇంగ నా కొడుక్కి కన్ను ఎట్లా నిలస్తాది?"

ఒక లెక్కన ఆమె చెప్పింది తప్పు కాదు. పంకజం కెమెరాను నా చేతికి ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు.

"వాన రాని ఏడు వాన కోసరం మడక కట్టి దున్నింది ఆడోళ్ళే గదమ్మా" అన్నాను. "నువ్వూ కట్టినావు. నాయనే చెప్పినాడు."

అమ్మ నన్ను చూసి, మబ్బు లేని కొండను చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పంకజంతో మాట తగ్గించింది. నా కంటి మీద పూలు పెట్టేది కూడా మానేసింది.

పంకజాన్ని వేలూరు తీసుకుపోయాను. గోడ మీద అన్నిటికంటే పెద్ద అక్షరం కూడా ఆమెకు తెలియలేదు. చట్రం పెట్టిన అమ్మాయి ఇన్ని ఏండ్లు ఎట్లా నడిచినారమ్మా అని అడిగింది. "మెల్లగా నడిచినా" అంది పంకజం. అద్దాలు తయారయ్యాక ఇంకోసారి పోయి తెచ్చుకున్నాం. పెట్టుకుని అంగడి గడప మీద నిలబడిపోయింది. వెనక వచ్చేవాళ్ళు పక్కకు తప్పుకుని పోయారు. నేను తొందర పెట్టలేదు.

బస్టాండులో నిలబడి ఉంటే చాలా దూరంలో ఒక బస్సు మలుపు తిరిగింది. నేను నోరు తెరిచేలోగా పంకజం కూడబలుక్కుని చదివింది.

"గు... డి... యాత్తం."

"అరవం ఎప్పుడు నేర్చుకున్నావు మే?"

"పప్పు పొట్లాల మీద. అగ్గిపెట్టెల మీద. చేతిలో ఉండేవి గదా, అన్నీ చదివేదాన్నే" అంది. "బస్సుల మీద యేరే అరవం రాస్తారేమో అనుకున్నా."

నవ్వు వచ్చింది. నవ్వలేకపోయాను. ఆమె కూడా నవ్వలేదు. బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, దారి పొడవునా ప్రతి బోర్డూ పెదవులతో చదువుతూ వచ్చింది.

అద్దాలు వచ్చాయి కాబట్టి ఇక కెమెరా జోలికి రాదనుకున్నాను. అది చూపు కోసం పట్టుకున్నదే కదా. కొన్నాళ్ళు పెట్టె తెరవలేదు కూడా. కొండలు ఇప్పుడు ఉత్తగానే కనిపిస్తున్నాయి. ఒక సాయంత్రం నేను చక్రాన్ని నా కంటికి తిప్పుకుంటూ ఉంటే పక్కన వచ్చి కూర్చుంది.

"ఆ మీట నొక్కితే ఏమైతాది?" అని అడిగింది.

నొక్కి చూపించాను. తర్వాత చుక్క గురించి చెప్పాను. దేని మీద పెడితే అదే నిలుస్తుంది, మిగిలినవి వెనక్కి పోతాయి, కాబట్టి ముందే ఎంచుకోవాలని చెప్పాను. ఆమె విని, ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి పోతాదా అని అడిగింది. పోతాదన్నాను. నా చేతిలోంచి కెమెరా తీసుకుని మీట సగం నొక్కి చూసింది.

సిరసు పండుగ అయింది. హేమప్రియ పెళ్ళి గుడియాత్తంలోనే. మండపం గుమ్మంలో అణ్ణామలై పలకరించి, కెమెరా ఎప్పుడిస్తావణ్ణా, పెట్టెలో చోటు చేసి పెట్టుండా అన్నాడు. ఇయ్యను, ఇంకో చెయ్యి వచ్చిందని చెప్పాను. అతను నా వెనక పంకజాన్ని చూసి, ఆమె అద్దాలు చూసి, ఏదో ఎగతాళి మాట నాలుక దాకా తెచ్చుకుని మింగేశాడు.

పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదికి కెమెరాను పంకజమే తీసుకుపోయింది. ఆడవాళ్ళ మధ్య నాకు పని లేదు. పందిట్లోకి రాగానే నా చేతికి ఇవ్వాలనేది మా మాట. కాని అయ్యగారు ముహూర్తం దాటిపోతా ఉండాదని పిల్లను గబగబా పిలిపించాడు. పిల్లతో పాటు ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా పీటల చుట్టూ మూగారు. పంకజం పెళ్ళికూతురి పక్కన చిక్కుకుంది. నేను ఇవతల, మగపెళ్ళివారి వెనక ఉన్నాను. మధ్యలో పీటలు, హోమగుండం, నిండా జనం. గట్టిమేళం అందుకుంది.

పంకజం జనం మీదుగా నన్ను వెతికింది. దూరం నుంచే నన్ను గుర్తుపట్టింది. కెమెరాను కొంచెం ఎత్తి చూపించింది, ఎట్లా ఇచ్చేది అన్నట్టు.

"నువ్వే తీయ్" అన్నాను. మేళంలో వినిపించదు. పెదవులు చూసి అర్థం చేసుకుంది.

అద్దాలను నుదుటి మీదికి తోసుకుంది. బొటనవేలితో చక్రాన్ని తనకు తగినట్టు తిప్పుకుంది. కన్ను ఆనించింది. వదినా, ఇట్లా రా అని అణ్ణామలై తన వీడియో స్టాండు కాళ్ళను పక్కకు జరిపి చోటిచ్చాడు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న మా అమ్మ ముందుకు వంగింది. తాళి మూడు ముళ్ళు పడేదాకా పంకజం కన్ను తీయలేదు.

చుక్క ఎక్కడ పెట్టావని నేను అడగలేదు. ఆ తర్వాత నా చేతికి కెమెరా ఇచ్చేటప్పుడు, ఒక్క నిమిషం ఆగమని, చక్రాన్ని వెనక్కి తిప్పి ఇచ్చింది. నేను కన్ను పెట్టేసరికి చుక్క తేటగా ఉంది.

ఫోటోలు తీసేవాళ్ళు తినేది చివరి పంక్తిలోనే. మేము పోయేసరికి మేళగాళ్ళు కూర్చుంటున్నారు. మూలన మా అమ్మ ఒక్కతే మూడు ఆకుల ముందు కూర్చుని ఉంది. మొదటి పంక్తికి రమ్మని మామ వాళ్ళు ఎంత పిలిచినా లేవలేదట. ఆకుల మీద నీళ్ళు చల్లి తుడిచి పెట్టింది. పంకజం ఆమెకు ఒక పక్క, నేను ఒక పక్క కూర్చున్నాం.

వడ్డించారు. అమ్మ ముందు చెయ్యి పెట్టింది, తర్వాత మేము. రసం పోసినప్పుడు అన్నం మీది ఆవిరి లేచి పంకజం అద్దాలు మసకేశాయి. ఎడమచేత్తో వాటిని తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుంది. అమ్మ అటు చూడకుండానే ఎడమచెయ్యి చాపింది. అద్దాలను తీసుకుని, వాటి కాళ్ళు మడవకుండా చీర కుచ్చెళ్ళ మధ్య ఒళ్ళో పెట్టుకుని, మీద అరచెయ్యి ఉంచింది. పాయసం వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.